ఐదో ఎందుకు

"సమస్య మీ వైపే ఉందండీ."

"లేదండీ. మా వైపు లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. మీ వైపే ఒకసారి చూసుకోండి."

ఇద్దరి మధ్యా దూరం గట్టిగా పది అడుగులుంటుంది. మధ్యలో ఒక గాజు గోడ. ఇటు సర్వర్ల గదిలో అతను, అటు స్టోరేజీ గదిలో ఆమె. ఇద్దరి చెవుల దగ్గరా ఇంటర్‌కమ్ ఫోన్లు. ఆమె పెదవులు కదలడం అతనికి ముందు కనబడుతోంది, మాట ఆ తర్వాత చెవిలో పడుతోంది. ఆ రెప్పపాటు తేడాలో అతను హాయిగా తప్పిపోయి, చివరికి తనేం అడిగాడో తనే మరిచిపోతున్నాడు.

"హలో? ఉన్నారా?"

"ఆఁ, ఉన్నానండీ. ఎక్కడికి పోతాను?"

అతన్ని ఆఫీసంతా 'పరధ్యానం' అని పిలుస్తుంది. మంచివాడే, పనిమంతుడే. కాకపోతే లిఫ్టు ఎక్కి అంతస్తు నంబరు నొక్కడం మరిచిపోయి, ఎవరో ఒకరు వచ్చేదాకా లోపలే నిలబడే రకం. ఆమె పేరు 'స్కేలు'. కేబుల్ వంకరగా కనిపిస్తే ఆమెకు అన్నం సయించదు. ఈ పేర్లు పెట్టిన పుణ్యాత్ములెవరో తెలియదు గానీ, రెండూ అతికినట్టు సరిపోయాయి.

వాళ్లు పనిచేసేది ఒక శ్రవణ గ్రంథాలయంలో. అక్కడ పుస్తకాలు చదవడానికి కాదు, వినడానికి. మంచి గొంతున్నవాళ్లు చదివి రికార్డు చేసిన పుస్తకాలు పదకొండు వేల గంటలు ఆమె స్టోరేజీ బీరువాల్లో ఉంటాయి. చూపు లేనివాళ్లు, చూపు మందగించినవాళ్లు, మంచం దిగలేనివాళ్లు ఫోన్ చేసి ఒక్కో అధ్యాయం వింటూ ఉంటారు. వాళ్లకు వినిపించే పని అతని సర్వరుది. ఒక్క పెద్ద సర్వరునే పది చిన్న సర్వర్లుగా పంచి నడిపించే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఒకటి అందులో ఉంది. ఆ శనివారం ఉదయం ఏడింటికి అతను దానికి కొత్త వెర్షన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. ఎనిమిదింటికల్లా సర్వరు నిద్ర లేచింది. ఒంట్లో అంతా కులాసాగానే ఉంది గానీ, దానికి స్టోరేజీ కనబడటం లేదు. 'వెతికాను, డిస్కులేవీ లేవు' అని తెర మీద రాసి చేతులు దులుపుకుంది.

అప్‌డేట్ కోసం ఆపిన ఫోన్ లైన్లు మధ్యాహ్నం రెండింటికి మళ్లీ తెరవాలి.

"ఇలా ఫోన్లో తగువులాడుకుంటే తెమలదు. నేనే వస్తున్నా" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అతను గబగబా చొక్కా సర్దుకున్నాడు. ఆమె ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కావస్తోంది. ఈ ఆరు నెలల్లో వాళ్లు ఫోన్లలోనూ, సమస్యలు రాసి పంపుకునే టికెట్లలోనూ లెక్కలేనన్నిసార్లు మాట్లాడుకున్నారు. అతను టికెట్ రాస్తే ఆమె 'మా వైపు సమస్య లేదు' అని మూసేస్తుంది. ఆమె రాస్తే అతను అదే మాట రాసి మూసేస్తాడు. గాజుకు ఇటువైపు ఆమె రావడం మాత్రం ఇదే మొదటిసారి.

తలుపు తెరుచుకుంది. చల్లటి గదిలోకి వాన వాసన వచ్చింది. బయట సన్నగా కురుస్తోందని ఆమె జుట్టు మీది తుంపర చూశాక గానీ అతనికి తెలియలేదు. ఆ గదికి కిటికీలు లేవు మరి.

"ఏంటలా చూస్తున్నారు?"

"మీరు... పొడుగ్గా ఉంటారనుకోలేదు."

"రోజూ చూస్తూనే ఉన్నారుగా?"

"గాజులోంచి వేరే."

ఆమె నవ్వాపుకుని స్క్రీన్ వైపు తిరిగింది. ఇద్దరూ పక్కపక్కన కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ముందు పలకరింపు పరీక్ష చేశారు. సర్వరు నుంచి స్టోరేజీకి చిన్న సందేశం పంపితే అది వెంటనే బదులిచ్చింది.

"పిలిస్తే పలుకుతోంది. అంటే దారి బాగానే ఉంది" అంది ఆమె.

"మళ్లీ వెతికిద్దాం."

వెతికించారు. డిస్కులేవీ లేవు. సర్వరును ఆపి మళ్లీ లేపారు. లేవు. కేబుల్ తీసి ఇంకో పోర్టులో పెట్టారు. లేవు. సర్వరు ఆ ఒక్క మాటే పట్టుకుని కూర్చుంది. గోడ మీద గడియారం పదకొండు దాటింది. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా కరిగిపోయింది.

"మీకో మాట చెప్పాలి. కోప్పడకూడదు."

"మీ మీద నాకు కోపమా?"

"ఏడున్నరకి, మీ అప్‌డేట్ నడుస్తుండగానే, నేను ఒక కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టాను."

అతను ఉలిక్కిపడ్డాడు. అప్‌డేట్ జరుగుతున్నంతసేపూ అటువైపు ఎవరూ వేలు కూడా పెట్టకూడదని అక్కడ నియమం.

"ఎందుకు తీశారు?"

"వంకరగా ఉందని" అంది ఆమె తల దించుకుని. "దాంతోనే ఏదో అయింది. లోపల రికార్డింగులకి ఏమైనా అయ్యుంటే? సోమవారంతో నా ప్రొబేషన్ అయిపోతుందండీ. డైరెక్టర్ మేడం సంతకం పెడితే ఉంటాను, లేకపోతే అదే రోజు సామాన్లు సర్దుకోవాలి."

సోమవారం ఆమె సామాన్లు సర్దుకోవడం అతని కళ్లముందు స్పష్టంగా కనిపించింది. గాజు అవతల ఖాళీ కుర్చీ. తను టికెట్ రాస్తే ఇంకెవరో వచ్చి మూసేస్తారు.

"ఏం కాదు. నేనున్నాగా" అన్నాడు. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది.

అతను నెట్‌వర్క్ వైపేదైనా తేడా ఉందేమోనని ర్యాక్ వెనక్కి దూరాడు. సరిగ్గా అప్పుడే అతని మొబైల్ మోగింది. చేతులు రెండూ తీగల మధ్య ఇరుక్కున్నాయి.

"అమ్మమ్మ అయ్యుంటుంది. కాస్త ఎత్తండి, లేకపోతే ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది."

ఆమె ఫోన్ ఎత్తి స్పీకర్‌లో పెట్టింది.

"ఒరేయ్, ఎక్కడ చచ్చావురా? నా పన్నెండో అధ్యాయం రావట్లేదు! హంతకుడెవరో తేలే అధ్యాయంరా అది!"

"అమ్మమ్మగారూ, మీ మనవడు పనిలో ఉన్నారండీ. లైన్లు రెండింటికి వస్తాయి."

అవతల అమ్మమ్మ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"నువ్వెవరమ్మా?"

"స్టోరేజీలో చేస్తానండీ."

"ఓహో! నువ్వా!"

"నేనా? నేనంటే ఎవరండీ?"

"ఏం లేదులే తల్లీ. గొంతు బాగుంది. వాడు వేళకి తింటున్నాడో లేదో కాస్త కనిపెట్టి ఉండు" అని అమ్మమ్మ చక్కా ఫోన్ పెట్టేసింది.

ర్యాక్ వెనక ఉన్న మనిషి ఇంకో పది నిమిషాలు బయటికి రాలేదు. అక్కడ పనేమీ లేదు. చెవులు ఎర్రబడటం తగ్గాలి కదా!

పన్నెండున్నరకి ఆమె కొత్త కేబుల్ కోసం కింది అంతస్తులోని స్టోర్ రూమ్‌కి వెళ్లింది. అతను లేచి మొదటిసారిగా ఆమె గదిలో అడుగు పెట్టాడు. ఎంత పొందికగా ఉందో! ప్రతి తీగకూ చీటీ, ప్రతి చీటీ మీదా గుండ్రటి అక్షరాలు. ఒక బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. స్టోరేజీ ఎవరినీ ఊరికే లోపలికి రానివ్వదు. ఫలానా పేరుతో వస్తేనే తలుపు తీస్తుంది. ఆ పేరే ఆ కాగితం మీద ఉంది. సర్వరు పేరు, బారెడు పొడుగు, చివర నాలుగు అంకెలు.

ఎందుకో అతను ఆ అంకెలు బట్టీపట్టి ఇవతలికొచ్చి, స్క్రీన్ మీద తన సర్వరు పేరు తెరిచి చూశాడు.

చివరి నాలుగు అంకెలూ వేరు.

మళ్లీ చూశాడు. వేరే. పొద్దున్నుంచీ సర్వరు ఎవరికీ తెలియని కొత్త పేరు చెప్పుకుని తలుపు కొడుతోంది, స్టోరేజీ పాపం నియమం ప్రకారం తీయడం లేదు. కేబుల్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడున్నర ప్రాంతంలో అప్‌డేట్ మధ్యలో ఆగి ఒక ప్రశ్న అడిగింది. సర్వరుకు పాత గుర్తింపు పేరునే ఉంచాలా, కొత్తది తయారు చేయాలా అని. ఆ ప్రశ్న వచ్చిన సంగతి తెలుసు, వేలితో నొక్కిన సంగతీ తెలుసు. ఏది నొక్కాడో మాత్రం తెలియదు. ఎందుకంటే అప్పుడతని కళ్లు తెర మీద లేవు. గాజు అవతల ఆమె మునివేళ్ల మీద లేచి నిలబడి, పెదవుల మధ్య రబ్బరు బ్యాండు పట్టుకుని, రెండు చేతులతో జుట్టు వెనక్కి ముడుచుకుంటోంది. ఆకుపచ్చ లైట్ల వెలుగు ఆమె మోచేతుల మీద పడుతోంది. యంత్రాల రొద మొత్తం దూరంగా వినబడే సముద్రంలా మారిపోయింది. ఆ సముద్రంలో అతను ఎంతసేపు తేలాడో దేవుడికే తెలియాలి.

పాత పేరు మళ్లీ రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. సర్వరు లేచింది, వెతికింది. డిస్కులు ఒకదాని వెంట ఒకటి వరసగా వచ్చి నిలబడ్డాయి. పదకొండు వేల గంటల్లో ఒక్క నిమిషం కూడా పోలేదు. పరీక్షకని ఒక ఫైలు నొక్కితే, ఎవరో పెద్దావిడ గొంతు ప్రశాంతంగా ఏదో పుస్తకం చదవడం మొదలుపెట్టింది. ఆ గొంతు వింటూ గుమ్మంలో ఆమె ఆగిపోయింది. చేతిలో కొత్త కేబుల్ చుట్ట.

"వచ్చేసిందా?"

"వచ్చేసింది."

ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "ఏం చేశారు?"

"అదీ... మళ్లీ ఒకసారి లేపాను."

"నా కేబుల్ వల్లే కదా? మీరే లేకపోతే నా గతేంటి?" అని అతని చేయి పట్టుకుంది.

చెప్పాల్సిన క్షణం అదే. నోరు తెరిచాడు కూడా. కానీ ఆమె అరచేయి వెచ్చగా ఉంది. ఆమె చూపులో తను ఓ మహావీరుడు. ఆరు నెలల కలల్లో కూడా ఇంత బాగా చూడలేదు ఆమె. అంతలో డైరెక్టర్ మేడం రానే వచ్చారు. "లైన్లు వచ్చాయా? మంచిది. సోమవారం పదింటికి ఇద్దరూ నా గదికి రండి. ఎందుకిలా అయిందో రాతపూర్వకంగా కావాలి" అనేసి వెళ్లిపోయారు. అతని నోరు మూతపడింది.

ఆదివారం తెరిపి లేకుండా వాన. అమ్మమ్మ కిటికీ దగ్గర వాలుకుర్చీలో ఫోన్ చెవికి ఆనించుకుని పన్నెండో అధ్యాయం విన్నది. అయిపోయాక నిట్టూర్చింది.

"హంతకుడు దొరికాడా అమ్మమ్మా?" అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలని.

"దొరికాడు. పక్కవాణ్ణి పట్టుకుపోతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు వెధవ. చేసిన పనికన్నా ఆ కూర్చోడం చూస్తే నాకు ఒళ్లు మండిందిరా."

అతను లేచి వరండాలోకి వెళ్లాడు. చూరు నుంచి ధారలు పడుతున్నాయి. నిజం చెబితే ఆమె తనను మళ్లీ అలా చూడదు. చెప్పకపోతే చూడటానికి ఆమే ఉండదు. వాన వెలిసేదాకా అక్కడే నిలబడ్డాడు.

సోమవారం పదింటికి డైరెక్టర్ మేడం గదిలో ముగ్గురూ కూర్చున్నారు. మేడం ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. ఎప్పుడు ఏం చెడిపోయినా ఆవిడ 'ఎందుకు' అని ఐదుసార్లు అడుగుతారు. మొదటిసారి అడిగితే సాకు వస్తుందట, ఐదోసారికి గానీ నిజం రాదట. అందుకు ఒక ఫారమే ఉంది. ఐదు గళ్లు, కింద 'నివారణ చర్య' అని ఇంకో గడి.

ఆమె ముందే రాసి తెచ్చిన కాగితం టేబుల్ మీద పెట్టింది. "తప్పు నాదే మేడం. అప్‌డేట్ నడుస్తుండగా నేను కేబుల్..."

"కాదు మేడం" అన్నాడు అతను.

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"కేబుల్‌కి దీంతో సంబంధం లేదు. తప్పు నాది."

మేడం కళ్లజోడు సవరించుకుని పెన్ను తీశారు. "స్టోరేజీ ఎందుకు కనబడలేదు?"

"సర్వరు తన పేరు తప్పు చెప్పింది మేడం. అందుకని స్టోరేజీ లోపలికి రానివ్వలేదు."

"పేరెందుకు తప్పు చెప్పింది?"

"అప్‌డేట్లో దానికి కొత్త పేరు వచ్చింది."

"ఎందుకొచ్చింది?"

"పాతది ఉంచమనాల్సిన చోట నేను కొత్తది నొక్కాను."

"ఎందుకు నొక్కావు?"

"తెర వైపు చూడలేదు మేడం."

"ఎందుకు చూడలేదు?"

అతను టేబుల్ అంచు గోటితో గీకుతూ కూర్చున్నాడు. పక్కన ఆమె ఊపిరి వినబడుతోంది. "పరధ్యానం మేడం" అన్నాడు చివరికి.

"అది ఆఫీసు నీకు పెట్టిన పేరు. కారణం కాదు." మేడం ఫారం తిప్పి అతని ముందుకు తోశారు. "ఐదో గడి ఖాళీగా ఉంది. అరగంటలో నింపి తీసుకురా."

కారిడార్‌లోకి రాగానే ఆమె గిరుక్కున తిరిగింది.

"శనివారమే తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసి కూడా! నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాజీనామా ఉత్తరం రాసి చించి, రాసి చించి... మా అమ్మ నాకు జ్వరమొచ్చిందనుకుంది! మీకేమో చేతులెత్తి దండం పెట్టాను!"

"దండం పెట్టలేదు. చేయి పట్టుకున్నారు."

"ఇప్పుడు అది సరిచేయడం అవసరమా?"

"అదే అసలు గొడవ" అన్నాడు అతను. "మీరు చేయి పట్టుకున్నారు, నేను నిజం మింగేశాను. సిగ్గుమాలిన పని. కోప్పడండి, తిట్టండి, జీవితాంతం నా టికెట్లు మూసేయండి. ఉద్యోగం మాత్రం మానొద్దు."

ఆమె చేతులు కట్టుకుని కాసేపు కారిడార్ చివరి కిటికీ వైపు చూసింది. పొద్దున పడిన జల్లు వెలిసి, అద్దం మీద చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ జారుతున్నాయి.

"ఐదోది చెప్పండి" అంది. "మేడంకి కాదు. నాకు. తెర వైపు ఎందుకు చూడలేదు?"

"మిమ్మల్ని చూస్తున్నాను."

ఆమె కట్టుకున్న చేతులు విప్పింది.

"మీరు జుట్టు ముడుచుకుంటున్నారు. రబ్బరు బ్యాండు పెదవుల మధ్య ఉంది. ప్రశ్న వచ్చింది, వేలు ఏదో నొక్కింది. రోజూ చూస్తాను. ఆరు నెలలుగా చూస్తున్నాను. ఆ రోజు కొంచెం ఎక్కువసేపు చూశాను, అంతే. మీరంటే నాకిష్టం. ఇది ఫారంలో ఎలా రాయాలో తెలియక ఆగిపోయాను."

ఆమె ముఖం ఎర్రబడింది. కోపమో కాదో అతనికి అంతు చిక్కలేదు. ఆమె అతని చేతిలోంచి ఫారం లాక్కుని, గోడకు ఆనించి పట్టుకుని, ఐదో గడి వైపు చాలాసేపు చూసింది.

"ఆ కేబుల్ వంకరగా లేదు" అంది నెమ్మదిగా.

"ఏంటి?"

"శనివారం నేను తీసిన కేబుల్. వంకరగా లేదు. దాన్ని అంతకుముందు రోజే స్కేలు పెట్టి సరిచేశాను." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "ఆ గదిలో నాకు నాలుగు బీరువాలున్నాయి. మీరు కూర్చునే చోటికి ఎదురుగా ఉన్నది అదొక్కటే. ఊరికే నిలబడితే బాగుండదని ఏదో ఒక కేబుల్ పట్టుకుంటాను. ఆ రోజు కంగారులో చేతికి ఊడొచ్చింది."

అతనికి ఆ మాటలు అర్థం కావడానికి సర్వరు లేవడానికి పట్టినంత సేపు పట్టింది. అర్థమయ్యాక మాత్రం గోడకు ఆనుకోవాల్సొచ్చింది.

"మరి టికెట్లన్నీ మూసేస్తారెందుకు?"

"మూసేస్తే మీరు ఫోన్ చేస్తారుగా."

అరగంట పూర్తయ్యేసరికి ఇద్దరూ లోపలికి వెళ్లారు. ఐదో గడిలో ఆమె గుండ్రటి అక్షరాలతో 'ఇద్దరి దృష్టీ పని మీద లేదు' అని ఉంది. మేడం చదివారు. ముందు అతన్ని చూశారు, తర్వాత ఆమెను చూశారు. ఆరో 'ఎందుకు' అడుగుతారేమోనని ఇద్దరూ ఆవిడ పెన్ను వైపే చూశారు.

ఆవిడ అడగలేదు. సొరుగులోంచి ఆమె ప్రొబేషన్ కాగితం తీసి, ఉద్యోగం ఖాయమని సంతకం పెట్టారు. అతనికి మూడు నెలలు అప్‌డేట్లు ఒంటరిగా ముట్టుకోకూడదని చెప్పారు. ఫారం దగ్గరికి లాక్కుని, నివారణ చర్య గడిలో తనే రాసి, పైకి చదివి వినిపించారు.

"ఇకమీదట అప్‌డేట్ చేసేటప్పుడు ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చోవాలి. ఒకరు ప్రశ్న పైకి చదవాలి, ఇంకొకరు నొక్కాలి." పెన్ను మూత పెడుతూ ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. "చూసుకోవాల్సింది ఉంటే ముందే చూసుకుని కూర్చోండి."

ఇద్దరూ బయటికొచ్చి లిఫ్టు బటన్ నొక్కారు. లిఫ్టు రానే వచ్చింది. ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి.

"తర్వాతి అప్‌డేట్ ఎప్పుడు?" అంది ఆమె.

"మూడు నెలల తర్వాత."

"అంతదాకా ఆగుతారా?"

"ఆగలేను. ఇప్పుడే ప్రశ్న చదవనా?"

"చదవండి."

అతను గొంతు సవరించుకున్నాడు. పరధ్యానం అనే పేరున్న మనిషి, జీవితంలో మొదటిసారి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ ఒక్క పదం కూడా తప్పిపోకుండా చదివాడు.

"నన్ను పెళ్లి చేసుకుంటారా, చేసుకోరా?"

"రెండింట్లో ఏది నొక్కాలో నేను చూసే నొక్కుతాను" అని ఆమె అతని చేయి పట్టుకుంది. "చేసుకుంటాను."